ఫీజు సాయము నిరాకరింపబడినప్పుడు
(సింహాచలమున పంచాయతి సభ్యుల సమావేశమందు చేసిన ప్రసంగపాఠము)



సింహగిరి పాదమున మనము కూడియున్న ఈ చోటు నేడు మహా విశాఖ నగరపాలక సంస్థలో చేరియున్నది. మీరు మాత్రము ఆనందపురము, పద్మనాభము, పెందుర్తి మండలముల పల్లెలనుండి వచ్చినారు. అప్పన్న దర్శనమునకు మీ ఊళ్లవారు వచ్చు త్రోవనే, మీ ఊళ్ల పిల్లలు ప్రతి ఉదయము పుస్తకముల సంచితో నగరమందలి కళాశాలలకు పోవుచున్నారు. వారిలో ఒకరిద్దరు ఏడాది నడుమ బస్సులో కనిపించుట మానివేయుదురు. ఏమని అడిగినచో, "ఫీజు రాలేదండి, మానిపించినాము" అని తల్లి చెప్పును. ఆ మాట వెనుకనున్న సంగతిని గురించియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

బీద విద్యార్థుల కళాశాల ఫీజును ప్రభుత్వమే చెల్లించు ఏర్పాటు మన రాష్ట్రమున 2008 నుండి విస్తృతముగా అమలునకు వచ్చినది. 2020లో దానిని విద్యా దీవెన యనిరి. 2024లో ప్రభుత్వము మారిన పిదప ఆ పేరును మారినది. పేరేదైనను పద్ధతి ఒక్కటియే: అర్హతను నిర్ణయించునది మనిషి కాదు, కాగితము. 2019లో ఏర్పరచిన నిబంధనలను జ్ఞాపకము చేసికొనుడు. కుటుంబపు వార్షికాదాయము రెండున్నర లక్షల రూపాయలు మించరాదనిరి. మాగాణి పది ఎకరములు, మెట్ట ఇరువదియైదు ఎకరములు మించరాదనిరి. ఇంట ప్రభుత్వోద్యోగి ఉండరాదు, పారిశుద్ధ్య కార్మికులకు మాత్రము మినహాయింపు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రముల బండి ఉండరాదు. ఆదాయపు పన్ను చెల్లించువారు ఉండరాదు. ఇవి గాక విద్యార్థి నూటికి డెబ్బదియైదు దినములు తరగతికి హాజరు కావలెను.

ఈ నిబంధనలు అన్యాయమని నేననను. ఎవరికి ఈయవలెనో తెలియుటకు ఏదో ఒక కొలత ఉండక తప్పదు. చిక్కు వేరొక చోట నున్నది. కాగితము గడచిన దినములను చెప్పును. ఆపద మాత్రము నేడు వచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకుపడినది. 2020 మే 7న ఇచ్చటికి దగ్గరనున్న వెంకటాపురమున రసాయన కర్మాగారమునుండి విషవాయువు వెలువడి పండ్రెండుగురు మరణించిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి. ఆ మరునాడు ఆ ఇండ్లలోని ఆదాయ ధ్రువపత్రములను తీసి చూచినచో, వానిలో ఒక్క అక్షరమైన మారియుండునా?

నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెప్పెదను. పేర్లతో పని లేదు. తండ్రి ఒక కర్మాగారమున ఒప్పంద కార్మికుడు. కుమార్తె ఇంజనీరింగు రెండవ సంవత్సరము. ఆషాఢ మాసమున ఆయన మోటారుసైకిలుపై నుండి పడగా తుంటి ఎముక విరిగినది. నెల తిరుగకముందే కాంట్రాక్టరు వేరొకనిని పనిలో పెట్టుకొనెను. తల్లి పూలతోటలలో కూలికి పోసాగినది. అమ్మాయి ఇరువది దినములు ఆసుపత్రిలో తండ్రి మంచము చెంతనే ఉండెను. అట్టి సమయమున సాయమునకు అనర్హులని జాబితాలో వచ్చినది. రెండు కారణములు చూపిరి. ఆదాయము రెండు లక్షల ఎనుబదివేలు. ఇంటి యజమాని పేర కారు కలదు.

ఆ కారును ఆయన రెండేండ్ల క్రిందటనే అమ్మివేసెను. కొన్నవాడు బండిని తోలుకొని పోయెనే గాని రవాణా శాఖవారి పుస్తకములో పేరు మార్పించుకొనలేదు. ఆదాయము మాట మాత్రము నిజమే. ఆ పత్రము వ్రాయునాటికి ఆయన అంత సంపాదించుచునే యుండెను.

ఇంటివారు నాలుగు పుటల అర్జీ వ్రాసిరి. కారు సంగతి, కాలు సంగతి, కూతురి మార్కులు, దేవుని దయ, అధికారుల దయ, అన్నియు అందులో కలవు. అది తిరిగి వచ్చినది. చదివిన ఉద్యోగిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఆయన ఏ పుస్తకమున ఏమి దిద్దవలెనో ఆ నాలుగు పుటలలో ఎక్కడను లేదు.

సభ్యులారా, మీరు పట్టుకొనవలసిన ముఖ్య విషయ మిచ్చటనే యున్నది. తప్పు వేరు, మార్పు వేరు. అమ్మిన బండి ఇంకను మన పేర నుండుట తప్పు. అన్నదమ్ముల పొలమంతయు ఒకని ఖాతాలో కనిపించుట తప్పు. పొరుగుసేవల జీతగానిని ప్రభుత్వోద్యోగిగా లెక్కించుట తప్పు. దానిని దిద్దవలసినది ఆ పుస్తకము ఎవరి యొద్ద నున్నదో ఆ శాఖవారు: బండియైన రవాణా శాఖ, భూమియైన రెవెన్యూ శాఖ. సంక్షేమ శాఖవారి యొద్ద ఎంత మొరపెట్టుకొనినను వారి చేతిలో ఆ కలము లేదు. ఇక తండ్రి చనిపోవుట, పని పోవుట, జబ్బు చేయుట మార్పు. ఇక్కడ పాత పత్రము అబద్ధము కాదు, కాలము చెల్లినది. దానికి మందు తహసీల్దారు యొద్ద క్రొత్త విచారణ, క్రొత్త ఆదాయ ధ్రువపత్రము. రెంటిని ఒకే అర్జీలో కలిపినచో రెండును చెడును.

అమెరికాలో మన తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి గదా. అక్కడ ప్రభుత్వ సాయమునకు సాధారణముగా రెండేండ్ల క్రిందటి ఆదాయమును చూతురు. ఐనను అక్కడి ఉన్నత విద్యా చట్టము కళాశాలలోని సహాయాధికారికి ఒక విచక్షణ నిచ్చినది. ఉద్యోగము పోయెననియో, ఇంట ఒకరు మరణించిరనియో, వైద్యపు ఖర్చు మీద పడెననియో ఆధారములు చూపినచో, ఆయన ఆ ఒక్క విద్యార్థి విషయమున లెక్కను సవరింపవచ్చును. అట్టి విచక్షణ మన పథకమున ఏ ఒక్క అధికారికిని అంత స్పష్టముగా లేదు. ఉండవలెనని నా అభిప్రాయము. అది వచ్చువరకు క్రొత్త ధ్రువపత్రమే మన త్రోవ.

ఆ అర్జీ ఎట్లుండవలెను? ఒక్క పుట చాలును. ముందు విద్యార్థి పేరు, కళాశాల, దరఖాస్తు సంఖ్య. తరువాత నిరాకరించిన తేది, చూపిన కారణము. ఆపై ఏ తేదీన ఏమి జరిగినది, అంతకు ముందు నెలకు ఎంత వచ్చెడిది, ఇప్పుడెంత వచ్చుచున్నది. మరణమైన మరణ ధ్రువపత్రము, జబ్బైన ఆసుపత్రివారు ఇంటికి పంపునప్పుడు ఇచ్చిన కాగితము, పని పోయిన యజమాని ఉత్తరము. ఉత్తరము ఈయనన్నచో జీతము పడుట ఆగినట్లు చూపు బ్యాంకు పుస్తకపు నకలు. గ్రామ సచివాలయములోని సంక్షేమ విద్యా సహాయకుని యొద్ద ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. అచ్చట కదలనిచో సోమవారమునాడు కలెక్టరు కార్యాలయమున జరుగు అర్జీల దినమున ఈయవచ్చును. కారణమే చెప్పకున్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగుడు. ముప్పది దినములలో జవాబీయవలెను. మన రాష్ట్రమున గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో అయిదు రూపాయలు, ఆపై పది రూపాయలు.

ఇందులో పంచాయతి సభ్యుని పని ఏమి? మీలో చాలమంది యొద్దకు జనులు వచ్చి, "వీరు మిక్కిలి బీదవారు అని ఒక ముక్క వ్రాసియిండు" అని అడుగుదురు. అట్లు వ్రాయకుడు. ఆ ముక్కను ఊరిలో అందరికిని వ్రాసియిచ్చినారని కచేరీవారికి తెలియును. మీరు కన్నులార చూచినది వ్రాయుడు: ఫలానా తేదినుండి ఈయన మంచము పట్టియున్నాడు, ఈ ఇంటికి నేడు తల్లి కూలి తప్ప వేరు రాబడి లేదు అని. గ్రామ రెవెన్యూ అధికారి విచారణకు వచ్చినపుడు మీరా ఇంటి వాకిట నిలుచుండిన చాలును. చూడనిది వ్రాసితిరా, తరువాత నిజముగా ఆపదలోనున్న పిల్లకు మీ సంతకము పనికిరాకుండ పోవును.

కొన్నిచోట్ల సాయమునకు చేయవలసిన అర్జీ చేసి, జవాబు వచ్చులోగా కళాశాల గడువు దాటిపోవును. 2024లో జరిగిన సంగతి వినియుందురు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దినకూలి కుమారునికి ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో సీటు వచ్చెను. జూన్ 24 సాయంకాలము అయిదు గంటలలోగా పదునేడువేల అయిదువందల రూపాయలు కట్టలేకపోవుటచే అది చేజారినది. అతడు సుప్రీంకోర్టు దాక పోయెను. సెప్టెంబరు 30న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ అధ్యక్షతనున్న ధర్మాసనము, రాజ్యాంగపు 142వ అధికరణము క్రింద అతనిని చేర్చుకొనుడని ఆజ్ఞాపించినది. ప్రతి ఇంటివారును ఢిల్లీ పోలేరు. కాబట్టి సాయమునకు అర్జీ పెట్టిన దినముననే, దాని నకలు జతపరచి, కళాశాల ప్రిన్సిపాలుకు కూడ వాయిదా కోరుచు వేరొక ఉత్తరము ఇప్పింపుడు. ఆసుపత్రిలో నుండుటచే హాజరు తగ్గినచో ఆ సంగతిని కూడ అందులోనే వ్రాయించి, వైద్యుని కాగితము జతచేయింపుడు. ఫీజు బాకీ యని మూలపత్రములను బిగబట్టు కళాశాలలు కొన్ని కలవు. అట్లు చేయరాదని విశ్వవిద్యాలయముల నిధుల సంఘమువారు 2018లోనే ప్రకటించియున్నారు.

అప్పు మాట కూడ అడుగుదురు. విద్యాఋణము ఏడున్నర లక్షల వరకు ఆస్తి తనఖా లేకుండ ఈయవచ్చునని బ్యాంకుల మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఆపైన సాధారణముగా ఆస్తి చూపవలెను. ఇక్కడ ఈ సింహాచలము చుట్టుపట్ల ఒక ప్రత్యేకమైన బాధ కలదు. అడవివరము, వేపగుంట, చీమలాపల్లి, వెంకటాపురము, పురుషోత్తపురము అను పంచగ్రామములలో దేవస్థానపు భూముల వివాదముచే ఇల్లున్నను, తరములుగా కాపురమున్నను, తనఖాకు పనికివచ్చు హక్కుపత్రము లేని కుటుంబములు అనేకము. చూచువారికి వారు మేడలవారు. బ్యాంకులో వారు ఏమియు లేనివారు. అట్టి ఇంటి బిడ్డ అర్జీలో ఈ సంగతిని కూడ రెండు వాక్యములలో వ్రాయుట మంచిది.

ఆ అమ్మాయి మాట మీకు చెప్పక ముగింపరాదు. రెండవసారి రెండు అర్జీలు వేరువేరుగా పెట్టిరి. కొన్నవానిని వెదకి పట్టుకొని బండి పేరు మార్పించుటకు మూడు నెలలు పట్టినది; ఆ పనిపై వారి వార్డు సభ్యురాలు రవాణా కార్యాలయమునకు నాలుగుమారులు వెంట పోయినది. క్రొత్త ఆదాయ పత్రము అంతకన్న ముందే వచ్చినది. మరుసటి సంవత్సరమునకు ఆమె పేరు అర్హుల జాబితాలో చేరినది. తప్పిపోయిన ఏటి ఫీజు మాత్రము తిరిగి రాలేదు. తల్లి మెడలోని రెండు కాసుల గొలుసు ఇంకను పెందుర్తిలో కుదువ యందే యున్నది.

మీ ఊరి జాబితాలు సచివాలయపు గోడపై అంటించినపుడు, అర్హుల పట్టీతో పాటు అనర్హుల పట్టీని కూడ అడిగి తీసికొనుడు. అందులో కారణపు గడి యొకటి యుండును. దానిని చదివి, ఏది తప్పో ఏది మార్పో ఆ ఇంటివారితో కూర్చుండి విడదీయుడు. మీరడుగదలచిన ప్రశ్నలున్నచో ఇప్పుడు అడుగుడు. బస్సు వేళకు ఇంకను అరగంట యున్నది.