పడవ గేరుపెట్టెకు కరెంటు మోటారు



పైరుపచ్చల సంగతి చెప్పవలసినవాడు ఇవాళ పడవ సంగతి ఎత్తుకున్నాడేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. లంకలో సేద్యం చేసే రైతుకు పడవ కూడా ఎడ్లబండి వంటిదే గదా! అరటిగెల అమ్మాలన్నా, కూరగాయలు సంతకు చేర్చాలన్నా, ఎరువు బస్తా తెచ్చుకోవాలన్నా గోదావరి పాయ దాటక తప్పదు. దాటినప్పుడల్లా డీజిలు కాలుతుంది. అందుచేత ఆ ఇంజను తీసివేసి, బ్యాటరీతో నడిచే మోటారు పెట్టుకోవచ్చునా అని చాలామంది అడుగుతున్నారు. పెట్టుకోవచ్చును. అయితే ఎలా పెడితే నిలుస్తుంది, ఎవరికి గిట్టుతుంది అన్నది ముందు చూసుకోవాలి.

నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. ఈ పని పుస్తకంలో నేర్చుకున్నది కాదు. ఒక లేతు మేస్త్రి దగ్గర కొంత, ఒక ముసలి సరంగు దగ్గర కొంత, నా పొరపాటువల్ల మరికొంత నేర్చుకున్నాను. ఆ పొరపాటు ముందే చెబుతాను.

గౌతమి పాయలో ఒక లంక. అక్కడి రైతు ఒకరికి పది గుర్రాల ఇంజను పడవ ఉన్నది. వేసవిలో పడవను ఒడ్డుకు లాగి, దుంగలమీద నిలిపి, ఇంజను ఊడదీశాము. గేరుపెట్టెను ఉన్నచోటనే ఉంచి, దాని ముందు మోటారు బిగించాము. ఖాళీ పడవను నీళ్ళలో దింపితే ఎంత హాయిగా నడిచిందో! చప్పుడు లేదు, పొగ లేదు. మర్నాడు సంత. పడవనిండా గెలలు, ఏడుగురు మనుషులు. పాయ నడిమికి వచ్చేసరికి అడుగున గడగడమని అదురు పుట్టింది. కప్లింగులోని రబ్బరు నలిగి పొడిపొడిగా రాలుతున్నది. షాఫ్టు బయటికి పోయే గ్లాండు దగ్గర నీరు ధారకట్టి లోపలికి వస్తున్నది. సరంగు మారుమాట లేకుండా మోటారు కట్టేసి లంగరు దించాడు. ఆ లంగరే లేకపోతే ఏటివాలున ఎక్కడికి పోయేవారమో! వేరే పడవవారు వచ్చి మమ్మల్ని ఒడ్డుకు లాగారు.

ఒడ్డుకు చేరాక సరంగు అన్నమాట ఇది: “ఆఫీసరు గారూ, పడవకి ఒడ్డున ఒక రూపు, నీళ్ళలో ఒక రూపు అండి. బరువెక్కితే ఇంకో రూపు. మీరు ఒడ్డున చూసి బిగించేశారు.”

అక్షరాలా నిజం. పైగా ఇంకొక సంగతి కూడా నేను చూడలేదు. చాలా పడవల్లో గేరుపెట్టె ఇంజను వెనుక భాగానికే బోల్టులతో అతుక్కొని ఉంటుంది. దాని బరువులో సగం మోసేది ఇంజనే. ఇంజను తీసేస్తే గేరుపెట్టె ఊతం లేని పందిరి అవుతుంది. మేము కింద ఒక చెక్క పెట్టి ఊరుకున్నాము. గెలల బరువుకు పడవ సర్దుకొనేసరికి పెట్టె ఒరిగింది, మోటారు ఇరుసుకూ దానికీ వరుస తప్పింది.

మరి ఇంత తంటా ఎందుకు, గేరుపెట్టె కూడా తీసిపారేసి మోటారును నేరుగా షాఫ్టుకు కలపరాదా అంటారేమో. అలా చేయవద్దు. నీటిలో తిరిగే ఫ్యాను పడవను తోస్తుంది గదా, ఆ తోపు షాఫ్టు గుండా వచ్చి గేరుపెట్టెలోని బేరింగు మీద పడుతుంది. అక్కడినుంచే పడవ శరీరానికి అందుతుంది. మామూలు మోటారు బేరింగులు అంత తోపు ఓర్వలేవు, కొద్దికాలానికే అరిగిపోతాయి. అదీగాక ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, రెండుకొకటి గేరు ఆ వేగాన్ని 750కి దించి ఫ్యానుకు ఇస్తుంది. గేరు ఉంచి అదే 1500 చుట్ల మోటారు పెడితే పాత ఫ్యాను, పాత షాఫ్టు అట్లాగే పనికివస్తాయి.

ఇక బిగించే పద్ధతి. ఇంజను తీయకముందే రెండు పనులు చేయాలి. ఫ్లైవీలు ఎటు తిరుగుతున్నదో సుద్దతో బాణం గుర్తు వేయండి. మీరు మామూలుగా పోయే వేగంలో గంటకు ఎన్ని లీటర్ల డీజిలు ఖర్చవుతున్నదో కొలవండి. దీని అవసరం తరువాత చెబుతాను.

ఇంజను తీసిన తరువాత గేరుపెట్టె మూతికి సరిపోయే మందపాటి ఇనుప పలక ఒకటి లేతు మీద తిప్పించాలి. పలకకు ఒకవైపు గేరుపెట్టె, రెండోవైపు మోటారు బిగుస్తాయి. రంధ్రాలు కంటితో గుర్తుపెట్టి బెజ్జం వేయించకండి. పలక నడిమి గుండ్రం, గేరుపెట్టె ఇరుసు ఒకే కేంద్రంలో ఉండాలి. రెండు ఇరుసుల మధ్య రబ్బరు బిళ్ళ ఉన్న కప్లింగు వేయించండి. ఈ మొత్తాన్ని మోయటానికి పాత ఇంజను దిమ్మెల మీదనే ఇనుప చట్రం కూర్చాలి. పాత దిమ్మెలు కోయవద్దు. ఎందుకో చివర చెబుతాను.

వెనుకవైపు గేరుపెట్టె బిళ్ళ, షాఫ్టు బిళ్ళ కలిసేచోటే అసలు పరీక్ష. పడవను నీళ్ళలో దింపి ఒకటి రెండు రోజులు ఉంచి, బ్యాటరీలు వాటి చోట పెట్టి, మామూలు బరువు ఎక్కించి, అప్పుడు బోల్టులు వదులు చేసి చూడాలి. రెండు బిళ్ళల మధ్య సందును ఫీలరు గేజితో నాలుగు వైపులా కొలవాలి. నాలుగంగుళాల బిళ్ళకు ఒకవైపునుంచి ఇంకొకవైపుకు తేడా మిల్లీమీటరులో పదోవంతు దాటకూడదు. దాటితే చట్రం కింద పలుచని రేకులు పెట్టి సరిచేయాలి. వారం నడిచిన తరువాత మళ్ళీ చూడాలి. రెండోసారి మేము ఇట్లా చేయటానికి పూర్తిగా ఒక రోజు పట్టింది. ఆ తరువాత అదురు లేదు.

మోటారు ఎటైనా తిరుగుతుంది కాబట్టి వెనక్కు పోవాలంటే మోటారునే తిరగవేస్తే సరి, గేరు మీట ఎందుకు అనే తెలివైన కుర్రవాళ్ళు ఉంటారు. ఆయిలు ఒత్తిడితో పట్టే గేరుపెట్టెల్లో ఇది ప్రమాదం. లోపలి ఆయిలు పంపు ఒకే దిక్కున పనిచేస్తుంది. ఎదురు తిప్పితే ఒత్తిడి రాదు, పలకలు జారి కాలిపోతాయి. కాబట్టి సుద్ద బాణం చూపిన దిక్కునే మోటారును తిప్పండి. ముందుకూ వెనక్కూ మీటనే వాడండి. మరీ నెమ్మదిగా తిప్పినా ఆ పంపుకు ఒత్తిడి చాలదు. ఇంజను ఊరికే తిరిగేటప్పటి వేగానికి తగ్గకుండా కంట్రోలరులో అమర్చుకోవాలి. మోటారు కదిలీ కదలకముందే పూర్తి బలం చూపుతుంది, అందుచేత ఒక్కసారిగా కాక క్రమంగా అందుకొనేట్లు పెట్టించండి. గేరు ఆయిలును చల్లబరచే నీళ్ళ పంపు ఇంజనుకే తగిలించి ఉన్న పడవల్లో, ఇంజనుతోపాటు ఆ పంపూ పోతుంది. దానికి వేరే చిన్న పంపు పెట్టుకోవలసిందే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మీకు యూనిట్లు తెలుసు. చిన్న డీజిలు ఇంజను ఒక లీటరు తాగి షాఫ్టు దగ్గర సుమారు మూడు యూనిట్ల పని చేస్తుంది. గంటకు లీటరున్నర కాలుతున్నదంటే, మీ పడవకు గంటకు నాలుగున్నర యూనిట్లు కావాలన్నమాట. 48 వోల్టుల, 200 ఆంపియరు-గంటల లిథియం బ్యాటరీలో 9.6 యూనిట్లు పడతాయి. పూర్తిగా ఖాళీ చేయకుండా, నష్టాలు తీసివేస్తే షాఫ్టుకు చేరేది ఆరున్నర యూనిట్లు. అంటే వంద కిలోల బరువైన ఆ బ్యాటరీ రెండు లీటర్ల పైచిలుకు డీజిలుకు సమానం! ఈ మాట బ్యాటరీ అమ్మేవారు చెప్పరు. గంటన్నర లోపే అయిపోతుంది. అందులో మూడోవంతు ఎప్పుడూ ముట్టుకోకూడదు. ఇరవై నిమిషాల రేవైతే ఒకసారి వెళ్ళివచ్చి, మళ్ళీ ఛార్జి పెట్టుకోవాలి.

దీనికి ఒక ఉపాయమున్నది. పడవ వేగం ఐదోవంతు తగ్గిస్తే కావలసిన బలం సగానికి పడిపోతుంది. ఇరవై నిమిషాల దారికి ఇరవైఅయిదు పడుతుంది. కాని అదే బ్యాటరీతో రెండుసార్లు వెళ్ళిరావచ్చు. నెమ్మదిగా పోయేవానికే ఈ మోటారు గిట్టుతుంది. సముద్రం మీదికి వేటకు పోయేవారికి, దూరపు సరుకులు చేరవేసేవారికి దీన్ని నేను సిఫారసు చేయను.

కేరళలో వైక్కం, తవణక్కడవుల మధ్య ‘ఆదిత్య’ అనే సౌరశక్తి పడవను 2017లో ప్రవేశపెట్టారు గదా, 75 మంది ఎక్కుతారు గదా అని నన్ను ఒకరు నిలదీశారు. నిజమే. అది మొదటినుంచీ మోటారుకోసమే తేలికగా కట్టిన పడవ, నడిచేది కాయలు నీటిలో. మనది పాత పడవ, పారే ఏరు. గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోయే పడవకు అంతే వేగంతో వరద ఎదురైతే, పడవ ఉన్నచోటే ఉంటుంది, బ్యాటరీ మాత్రం ఖాళీ అవుతుంది.

కరెంటు విషయంలో జాగ్రత్త సుమా. 48 వోల్టులు ఏం చేస్తుందిలే అనుకోకండి. నాలుగున్నర యూనిట్ల పనికి వంద ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. పానా అడ్డం పడితే కరిగిపోతుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, తీగ మందంగా ఉండాలి, బ్యాటరీలు అడుగునీటికి ఎత్తుగా, కదలకుండా కట్టి ఉండాలి. ఛార్జింగుకు ఎర్తు, లీకేజికి ట్రిప్పయ్యే స్విచ్చి తప్పనిసరి. అన్నట్టు, పంపుసెట్టుకు ఇచ్చిన ఉచిత కరెంటుతో పడవ ఛార్జి చేయటం తగదు, మీటరున్న కనెక్షను తీసుకోండి. మనుషులను ఎక్కించే యాంత్రిక పడవకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషను ఉండాలి. యంత్రం మార్చేముందు ఆ అధికారులకు తెలిపి, తిరిగి పరీక్ష చేయించుకోండి. లంగరు, గడ, తెడ్లు, ప్రాణరక్షణ జాకెట్లు మోటారు వచ్చిందని ఒడ్డున దించవద్దు.

దిమ్మెలు కోయవద్దని ఎందుకన్నానో చెప్పాలి గదా. ఆ లంక రైతు పాత ఇంజనును అమ్మలేదు. నూనె పట్టించి, గోనెపట్టా కప్పి పాకలో ఉంచాడు. జూలైలో ఎర్రనీరు దిగేముందు పలక విప్పి, మోటారు తీసి, ఇంజనును మళ్ళీ పాత దిమ్మెల మీద కూర్చోబెడుతున్నాడు. వరద తీశాక మళ్ళీ మోటారు. మార్చినప్పుడల్లా ఒక పూట పని, ఫీలరు గేజితో మరో పూట. ఆ గేజి ఇప్పుడు సరంగు మొలలోనే ఉంటుంది.