విమానము రద్దైనచో

సంగం జాగర్లమూడివారు విమానమెక్కవలెనన్న గన్నవరము చేరవలెను. దారిలో ఉండగా విమానము రద్దైనదని వార్త వచ్చినచో?

చౌక సంస్థల లాభమంతయు విమానమును నేలపై నిలువనీయకుండుటలోనే యున్నది. ఉదయపు సర్వీసు ఆగిన సాయంకాలపువి తారుమారగును. 2025 నవంబరు 1నుండి పైలట్ల విశ్రాంతి నియమములు పూర్తిగా అమలుకాగా, తగినంతమంది పైలట్లు లేక ఇండిగో సంస్థ డిసెంబరులో వేలకొలది సర్వీసులను రద్దుచేసెను. శంషాబాదులోను ప్రయాణికులు చిక్కుకొనిరి. టిక్కెట్టు సొమ్ము తిరిగి యిత్తుమన్నారు; సరే, ఆ సొమ్ముతో మరొక సంస్థ టిక్కెట్టు వచ్చునా? ధరలు ఎంత పెరిగినవనగా, డిసెంబరు 6న ప్రభుత్వము 500 కిలోమీటర్లలోపు దూరమునకు 7,500 రూపాయల పరిమితి విధింపవలసి వచ్చెను.

అందుచేత వాపసు కోరుటకు తొందరపడవలదని మేము చెప్పుచున్నాము. పౌరవిమానయాన డైరెక్టరేటు నియమము ప్రకారము సొమ్మా, మరొక విమానమా అన్నది ప్రయాణికుని యిష్టము. సొమ్ము పుచ్చుకొన్న పిమ్మట విమానమడుగుట కష్టము. విమానాశ్రయమునకు చేరి మరొక విమానమునకై వేచియున్నవారికి సంస్థయే భోజన ఫలహారములు పెట్టవలెను. సకాలములో తెలుపనిచో పరిహారము కూడ కలదు. తుపాను వంటి కారణములకు మాత్రము లేదు. టిక్కెట్టుపై తమ ఫోను నంబరు సరిగా ఇయ్యనివారికి కూడ లేదు. ఏజెంటు నంబరే వ్రాయించువారు మన పల్లెలలో చాలమంది కలరు.