మంచము మోసిన నలుగురు



మనిషికి రోగము వచ్చినప్పుడు క్రైస్తవ విశ్వాసము ఎటువంటి ధైర్యము నిస్తుందో నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గము వారు మమ్ములను కోరారు. ఈ సభలో ఆదివారము ప్రార్థనకు పోయేవారు ఉన్నారు, తిరుపతి వెంకన్నకు మ్రొక్కుకొనేవారు ఉన్నారు, దర్గాకు పోయేవారూ ఉన్నారు. రోగము మాత్రము ఎవరి మతమూ అడిగి రాదు. అందుచేత ఈ మాటలు అందరి కొరకూ అనుకొని వినవలసిందిగా మా మనవి.

హోసూరు రోడ్డు మీది ఈ హెబ్బగోడికి మనమంతా బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవారము. ఇటు బొమ్మసంద్ర ఫ్యాక్టరీలు, అటు ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీలు మనకు అన్నము పెడుతున్నాయి. 2025 ఆగస్టు నుంచి మెట్రో రైలు కూడా మన ముంగిటికి వచ్చింది. పెద్ద పెద్ద ఆసుపత్రులు దగ్గరలోనే ఉన్నాయి. లేనిదల్లా మనిషి తోడు. ఊళ్లో మనకు జ్వరము వస్తే పిలువకుండానే పెద్దమ్మ వస్తుంది, కషాయము కాచి ఇస్తుంది, నాలుగు చివాట్లు కూడా పెడుతుంది. ఇక్కడ అద్దె గదిలో ఒక కుర్రవాడు పది రోజులు దగ్గుతూ పడి ఉన్నా పక్క వాటా వారికి తెలియదు. సెలవు పెడితే జీతము పోతుందని ఒక దిగులు. రోగము పేరు బయటపడితే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని ఇంకొక దిగులు. రోగము కంటె ఈ దిగులే మనిషిని ముందుగా కుంగదీస్తుంది.

మార్కు సువార్త రెండవ అధ్యాయములో ఒక కథ ఉన్నది. కపెర్నహూము అనే ఊరిలో పక్షవాతముతో కాలు చేయి ఆడని ఒకనిని, నలుగురు మనుషులు పరుపుతో సహా మోసుకొని యేసు ఉన్న ఇంటికి వచ్చారు. వాకిట జనము కిక్కిరిసి ఉన్నారు. లోపలికి దారి లేదు. వారు వెనుదిరిగి పోలేదు. ఇంటి కప్పు ఎక్కి, దానిని విప్పి, రోగిని పరుపుతోనే లోనికి దింపారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. యేసు చూచినది మోసుకొచ్చిన వారి విశ్వాసమునని సువార్త చెబుతున్నది. రోగికి నోరు తెరిచి అడిగే ఓపిక కూడ లేకపోయి ఉండవచ్చును. అతని కొరకు నలుగురు నమ్మారు.

మన తెలుగులో నలుగురు మోయడము అంటే వెంటనే పాడె గుర్తుకు వస్తుంది. చనిపోయిన తరువాత మోయడానికి పిలువకపోయినా నలుగురు వస్తారు. ఆ కథలోని నలుగురు బ్రతికి ఉన్నవానిని మోశారు. ఆ నలుగురిని గూర్చే ఈ రోజు మేము చెప్పదలచుకున్నది.

ఇది ఏనాటి మాటో అనుకోవద్దు. మన బెంగుళూరుకు దగ్గరగా, రాయలసీమలో మదనపల్లె ఉన్నది. మనలో అటువైపు వారు చాలామంది ఉన్నారు. 1915లో కొన్ని క్రైస్తవ మిషనులు కలిసి అక్కడ క్షయరోగుల కొరకు ఒక శానిటోరియము తెరిచాయి. ఆ చోటికి ఆరోగ్యవరము అని పేరు. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమట్ మోలర్ దానికి మొదటి అధిపతి. క్షయను కలిగించే సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లోనే కనుగొన్నాడు. కాని దానిమీద పనిచేసే స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని బయటపడలేదు. అంటే ఆరోగ్యవరము తలుపులు తెరిచిన తరువాత దాదాపు ముప్పై ఏండ్లపాటు అక్కడి వైద్యుల చేతిలో క్షయను చంపే మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టినిచ్చే ఆహారము, కొందరికి శస్త్రచికిత్స, వీటితోనే నెట్టుకొచ్చారు. కొందరు కోలుకొని ఇళ్లకు పోయారు. ఎందరో పోలేదు. అయినా వారు తలుపులు మూయలేదు. ఇంటివారే దూరము పెట్టిన రోగి పక్కన కూర్చున్నారు. అక్కడ పనిచేసిన డాక్టరు పి. వి. బెంజమిన్ తరువాత భారత ప్రభుత్వానికి క్షయ నివారణ సలహాదారు అయ్యారు. మోలర్ కుమారుడు జోహనెస్ అక్కడే ఉండి క్షయ పరిశోధన సాగించాడు. మందు లేని కాలములో ఆశ అంటే వారికి చేతినిండా పని.

తరువాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రము వారు ఒక పరీక్ష చేశారు. కొందరు రోగులను శానిటోరియములో ఉంచి, కొందరికి ఇంటివద్దనే మందులిచ్చి చూశారు. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారు కూడ, మందు క్రమముగా తీసుకుంటే శానిటోరియములోని వారివలెనే కోలుకున్నారని 1959లో ప్రకటించారు. ఆ ఫలితము లోకమంతటా క్షయ చికిత్స పద్ధతినే మార్చివేసింది. రోజు తప్పకుండా మందు పడడమే ముఖ్యమని తేలింది. అంటే రోగికి ఇంట్లోనే, గుర్తుచేసి వేయించే మనిషి కావాలి.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. మామూలు క్షయకు నేడు ఆరు నెలల మందు చాలును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములో అది ఉచితము. పోషకాహారము కొరకు ప్రభుత్వము 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలు చేసింది. ఆపద ఎక్కడ వస్తున్నదంటే, రెండు నెలలు గడిచేసరికి దగ్గు తగ్గుతుంది, ఒళ్లు తేరుకుంటుంది. అప్పుడు కొందరు, పని ఒత్తిడిలో మందు మరచిపోతారు. మరికొందరు, ప్రార్థన చేయించుకున్నాము, స్వస్థత కలిగింది, ఇక మాత్రలు వేసుకుంటే దేవుని శంకించినట్లే అని మానివేస్తారు. మధ్యలో మానితే రోగము తిరగబెట్టవచ్చును, మామూలు మందులకు లొంగకుండానూ పోవచ్చును. అది ఇంట్లో పసిబిడ్డలకు కూడ అంటవచ్చును. ఈ మాట మేము గట్టిగా చెబుతున్నాము: మందు మానడము విశ్వాసము కాదు. సువార్త వ్రాసినవాడుగా క్రైస్తవులు గౌరవించే లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడు. ప్రార్థన చేసిన చేతితోనే మాత్ర అందించవచ్చును.

మరి ప్రార్థించినా, మందు వాడినా నయము కాకపోతే? ఈ ప్రశ్న తప్పించుకోరాదు. మనలో కొందరి ఇండ్లలో అది ఈనాడే ఉన్నది. పౌలు తన శరీరములోని బాధను ముల్లు అన్నాడు. దానిని తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. దానితోనే బ్రతకడానికి కావలసిన బలము మాత్రము దొరికిందని వ్రాసుకున్నాడు. కనుక మంచము మీది మనిషితో, నీకు విశ్వాసము చాలకనే నయము కాలేదు అని ఎవరూ అనవద్దు. పౌలుకే పోని ముల్లు మన పొరుగింటి ఆమెకు పోలేదని ఆమెను నిందించడానికి మనమెవరము? విశ్వాసము రోగి భుజాన మరొక బరువు పెట్టరాదు. ఉన్న బరువులో కొంత మనము ఎత్తుకోవాలి.

సంఘ సభ్యులకు మా మనవులు మూడు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గడము కనబడితే దాచక పరీక్షకు పొండి. కన్నడము రాని కొత్తవారు ఆసుపత్రికి పోవలసి వస్తే, భాష తెలిసినవారు ఒకరు వెంట పొండి, ఒక పూట సెలవు పోయినా సరే. ఇక, మందు వాడుతున్న వారి ఇంటికి రోజుకొకరు చొప్పున పోయి, ఒక గిన్నెడు పప్పో కూరో ఇచ్చి, ఈ రోజు మాత్ర వేసుకున్నావా నాయనా అని అడగండి. చికిత్స మొదలైన కొద్ది వారాలకే అంటుకొనే గుణము సాధారణముగా బాగా తగ్గుతుందని వైద్యులు చెబుతున్నారు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు పాటిస్తూ పలకరించవచ్చును.

ఈ ఉదయము మన ఇండ్లలో వేపపువ్వు చేదును బెల్లముతో కలిపి తిన్నాము. ఎవరికి ఈ ఏడు చేదు ఎక్కువ వస్తుందో మనకు తెలియదు. అది ఎవరి ఇంటికి వచ్చినా, హెబ్బగోడి తెలుగువారిలో మంచము పట్టినవానికి నలుగురు దొరకలేదు అనే మాట మాత్రము రాకుండా చూచుకుందాము.

సెలవు.