ఉయెనోలో ఓడినవాళ్ళ దేవుడు



జపాన్ ఆలయాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ముప్పావుగంటలో జపాన్ ఆలయాలన్నీ చెప్పడం నా వల్ల కాదు. ఒక్క గుడికే కట్టుబడతాను. అది కూడా కొండల్లోనో, అడవుల్లోనో ఉన్నది కాదు. టోక్యో నడిబొడ్డున, ఉయెనో స్టేషన్‌లో రైలు దిగి కాస్త నడిస్తే వచ్చే పార్కులో ఉంది. పేరు ఉయెనో టోషోగూ. ఈ సభలో టోక్యో వెళ్ళొచ్చినవాళ్ళు కొందరున్నారు. ఉయెనో పార్కుకి వెళ్ళే ఉంటారు, చెర్రీ పూల కోసమో, జంతుప్రదర్శనశాల కోసమో. గుడి చూశారా అని అడిగితే, "పార్కులో గుడి కూడా ఉందా?" అన్నవాళ్ళే నాకు ఎక్కువ తగిలారు. వాళ్ళను తప్పుపట్టను. చెట్ల వెనక, జూ ప్రహరీ పక్కన నక్కినట్టు ఉంటుంది మరి.

నా మట్టుకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఈ గుడి అర్థం కావాలంటే, దాని చుట్టూ ఇప్పుడు లేనిదాన్ని ముందు చూడాలి. పార్కులో ఎవరో గుడి కట్టలేదు. ఒక మహా మఠం కాలిపోతే, ఆ ఖాళీలో పార్కు వచ్చింది. గుడి అంతకు ముందునుంచే అక్కడుంది.

ఆ మఠం పేరు కన్‌ఎయిజి. 1625లో, టోకుగావా వంశపు మూడో షోగన్, అంటే దేశాన్ని ఏలే సేనాధిపతి, ఇయెమిత్సు కాలంలో, టెన్‌కాయ్ అనే బౌద్ధ గురువు స్థాపించాడు. అప్పటికి టోక్యో పేరు ఎదో. షోగన్ కోట నగరం మధ్యలో ఉండేది. ఆ కోటకు సరిగ్గా ఈశాన్యాన ఉన్న గుట్ట ఉయెనో. ఇక్కడ మీరు కాస్త తల గోక్కోవాల్సి వస్తుంది. మనింట్లో ఈశాన్యం అంటే దేవుడి మూల. అక్కడ బరువు పెట్టకూడదు, శుభ్రంగా ఉంచాలి, వీలైతే నుయ్యి ఉండాలి. జపాన్‌వాళ్ళ లెక్కలో ఈశాన్యం దయ్యాలు లోపలికొచ్చే ద్వారం. పాత రాజధాని క్యోటోకు ఆ దిక్కున హియెయి కొండ మీద ఎన్‌ర్యాకుజి మఠం కాపలాగా ఉండేది. ఎదోకీ అలాంటి కాపలా ఉండాలని టెన్‌కాయ్ ఉయెనో గుట్టని ఎంచుకున్నాడు. మన వాస్తు పండితులూ వాళ్ళ పండితులూ ఒకే సభలో కూర్చుంటే ఆ చర్చ ఎక్కడ తేలేదో! అయితే ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట: ఆ మూలను వట్టిగా వదిలేయకూడదు.

కన్‌ఎయిజి పెరిగి పెద్దదయింది. ముప్పైకి పైగా ఉపమఠాలు, పదిహేను మంది షోగన్లలో ఆరుగురి సమాధులు. ఇప్పుడు మనం ఐస్‌క్రీమ్ తింటూ తిరిగే పార్కు మొత్తం ఆ మఠం ఆవరణలోదే.

ఇక గుడిలోని దేవుడి సంగతి. ఈయన పురాణ పురుషుడు కాదు, టోకుగావా ఇయెయాసు. 1600లో సెకిగహారా యుద్ధం గెలిచి, 1603లో షోగన్ అయి, 1616లో కన్నుమూసిన రాజకీయవేత్త. జపాన్ చరిత్రలో అంతటి ఓపికస్తుడు లేడని నా అభిప్రాయం. తనకంటే బలవంతులు ఇద్దరు పోయేదాకా ఆగి, ఆ తర్వాతే దేశాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పోయిన మరుసటి ఏడాదే ఆయనకు దైవత్వం ఇచ్చారు. బుద్ధుడి రూపాల్లో వైద్యుడైన భైషజ్యగురువే ఈయనగా అవతరించాడన్నారు. మనకు అవతారం అనే ఊహ కొత్త కాదు కాబట్టి ఇది సులభంగానే ఎక్కుతుంది. నిన్నమొన్నటిదాకా పన్నులు వసూలు చేసిన మనిషి ఏడాది తిరగ్గానే దేవుడవడం మాత్రం కొంచెం వేగంగానే జరిగింది.

ఇయెయాసు మరణశయ్య మీద టెన్‌కాయ్‌నీ, టోడో టకటోరా అనే సామంతుణ్ణీ పిలిచి, మన ముగ్గురి ఆత్మలూ ఒకేచోట ఉండేలా చూడమన్నాడని గుడివాళ్ళు చెప్పే కథ. టకటోరా కోటలు కట్టడంలో ఘనుడు, ప్రభువులను మార్చడంలో ఇంకా ఘనుడు. ఆయన భవంతి ఉయెనో గుట్ట మీదే ఉండేది. 1627లో అక్కడే ఈ గుడి వెలిసింది. ఇప్పుడు మనం చూసే కట్టడం మాత్రం 1651లో ఇయెమిత్సు కట్టించింది. ఆయన తాత ఇయెయాసు ప్రధాన క్షేత్రం దూరాన కొండల్లో, నిక్కోలో ఉంది. అంతదూరం వెళ్ళలేని ఎదో జనం ఇక్కడే దర్శనం చేసుకోవాలని, ఆ వైభవాన్నే నగరంలోకి తెచ్చాడు.

పెద్ద రాతి తోరీ ద్వారం దాటితే దారికి అటూ ఇటూ రాతి దీపస్తంభాలు రెండు వందలకు పైగా వరసకడతాయి. దగ్గరికెళ్ళి చూడండి, ఒక్కోదాని మీద ఇచ్చిన సామంతుడి పేరు, హోదా, తేదీ చెక్కి ఉంటాయి. ఇవి వెలుతురు కోసం పెట్టినవి కావు. ఉత్సవాల్లో పవిత్రాగ్ని ఉంచడానికి. అయినా వాటి అసలు పని వేరే ఉందనిపిస్తుంది నాకు. దేశం నలుమూలల సామంతులు షోగన్ తాతకు లొంగామని చెప్పుకోవడానికి రాతిలో వేసిన సంతకాలవి. లోపలికి వెళ్ళేకొద్దీ రాయి పోయి రాగి వస్తుంది. నలభై ఎనిమిది రాగి దీపాలున్నాయి. బంగారు ద్వారానికి ఇరుపక్కలా ఉన్న ఆరూ టోకుగావా వంశపు మూడు ప్రధాన శాఖలవి. దేవుడికి ఎవరి దీపం ఎంత దగ్గరో చూస్తే ఆనాటి కొలువులో ఎవరు ఎక్కడ కూర్చునేవారో తెలిసిపోతుంది. మన దేవాలయాల్లో దాతల శిలాఫలకాలు చదివే అలవాటున్నవాళ్ళకు ఇక్కడ ఒక పూట ఇట్టే గడిచిపోతుంది.

తోరీకి బయట ఒక రాక్షస దీపస్తంభం విడిగా ఉంటుంది, ఆరు మీటర్ల ఎత్తు. 1631లో సకుమా కత్సుయుకి అనే సామంతుడిచ్చాడు. దాని ఆకారానికి జనం దయ్యపు దీపం అని పేరు పెట్టేశారు.

ఆ బంగారు ద్వారాన్ని కరామోన్ అంటారు. ఇరువైపులా స్తంభాల మీద రెండు డ్రాగన్లు, ఒకటి పైకెక్కేది, ఒకటి కిందికి దిగేది. తమాషా ఏమిటంటే తల కిందికి వంచినదాన్నే 'పైకెక్కే డ్రాగన్' అంటారు. గొప్పవాళ్ళు తల వంచుతారు కాబట్టట. హిదారి జింగోరో అనే శిల్పి చెక్కాడని చెబుతారు. మన జక్కన్నలాగే అసలా మనిషి ఉన్నాడా లేడా అన్నది పండితులు తేల్చని విషయం. రాత్రిళ్ళు ఆ డ్రాగన్లు దిగొచ్చి పక్కనున్న షినోబజు చెరువులో నీళ్ళు తాగిపోతాయని జనం కథ.

ఇప్పుడు మఠం కాలిపోయిన రోజుకి వద్దాం. 1868. టోకుగావా పాలన కూలిపోతోంది. ఆఖరి షోగన్ యోషినోబు తలవంచి, ఈ కన్‌ఎయిజిలోనే తనను తాను నిర్బంధించుకున్నాడు. కోటను యుద్ధం లేకుండా అప్పగించారు. కానీ ఆయన మనుషుల్లో కొందరు, షోగిటాయ్ అనే దళంగా చేరి, ఉయెనో గుట్ట దిగమన్నారు. దొరగారు అప్పటికే ఊరు విడిచి మిటోకి వెళ్ళిపోయినా వీళ్ళు మాత్రం కదల్లేదు. జులై 4న, వాన పడుతుండగా, కొత్త ప్రభుత్వ సేన తెల్లవారగానే దాడి మొదలుపెట్టింది. వ్యూహం ఒమురా మసుజిరోది. మఠం నల్లద్వారం దగ్గర ముఖాముఖి పోరు సైగో టకమోరి మనుషులది. చెరువు అవతలి ఒడ్డు నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు నీళ్ళ మీదుగా గుట్టను కొట్టాయి. సాయంత్రానికి అంతా అయిపోయింది. మఠం దాదాపు పూర్తిగా కాలిపోయింది. టోషోగూ మిగిలింది.

గుండ్లు తూట్లు పొడిచిన ఆ నల్లద్వారాన్ని తర్వాత ఎంట్సూజి అనే మఠానికి తరలించారు, ఇప్పటికీ అక్కడ చూడొచ్చు. ఉయెనో పార్కు ముఖద్వారం దగ్గర మాత్రం గెలిచిన సైగో కాంస్య విగ్రహం ఉంటుంది, 1898లో పెట్టారు. మామూలు బట్టల్లో, కుక్కను పట్టుకుని షికారుకు వచ్చినట్టు నిలబడి ఉంటాడు. అందరూ ఆ కుక్కతో ఫొటో దిగి వెళ్ళిపోతారు. ఆయన వెనకే కొద్ది అడుగుల్లో చచ్చిపోయిన షోగిటాయ్ వాళ్ళ సమాధి ఉంది. దాని మీద యుద్ధంలో మరణించినవారి సమాధి అని మాత్రమే రాశారు. దళం పేరు లేదు, కొత్త ప్రభుత్వానికి జడిసి రాయలేదు. అయితే ఆ ప్రభుత్వం మీదే సైగో తర్వాత తిరుగుబాటు చేసి 1877లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అలా గుట్ట మొదట్లో ఒకణ్ణొకడు చంపుకున్నవాళ్ళు, ఒకే ప్రభుత్వానికి ఎదురు తిరిగినవాళ్ళు, వెన్నులు ఆనించుకున్నట్టు ఉన్నారు. ఏ రచయితైనా ఇలా కల్పిస్తే అతికించినట్టుందని మనమే వెక్కిరిస్తాం.

కాలిన నేలను ఏం చేయాలి? వైద్య పాఠశాల, ఆసుపత్రి కట్టాలని ప్రభుత్వం అనుకుంది. బౌదుయిన్ అనే డచ్ వైద్యుడు స్థలం చూడ్డానికొచ్చి, ఇంత చక్కటి చెట్లను కొట్టేస్తారా, పార్కుగా ఉంచండి అన్నాడు. 1873లో జపాన్ మొట్టమొదటి ప్రభుత్వ పార్కుల్లో ఉయెనో చేరింది. ఆ డాక్టరు మేలు మరువకుండా తర్వాత పార్కులో విగ్రహం పెట్టారు. పాపం, చాలాకాలం అక్కడున్నది ఆయన తమ్ముడి ముఖం. 2006లో మార్చారు.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ ఐదంతస్తుల గోపురానిది. 1639 నాటిది. టోషోగూకి చెందినది. కొత్తగా వచ్చిన మెయిజీ ప్రభుత్వం జపాన్ సొంత మతమైన షింటో దేవుళ్ళనూ బుద్ధుణ్ణీ విడదీయాలని ఆజ్ఞ వేసింది. వందల ఏళ్ళు కలిసి పూజలందుకున్నవాళ్ళు ఒక్క ఉత్తర్వుతో వేరు కాపురం పెట్టాలి. షింటో గుళ్ళలో ఉన్న బౌద్ధ కట్టడాలను దేశమంతటా పడగొట్టసాగారు. గోపురం బౌద్ధుల కట్టడం, టోషోగూ షింటో గుడి. కూలాల్సిందే. అప్పుడు టోషోగూ ప్రధాన పూజారి ఏం చేశాడంటే, ఆ గోపురం మాది కాదు, పక్కనున్న కన్‌ఎయిజిదని ప్రభుత్వానికి రాసిచ్చేశాడు. అంతే, నిలిచిపోయింది. కత్తులూ ఫిరంగులూ కాపాడలేనిదాన్ని ఒక కాగితం కాపాడింది. ఆ పూజారికి తన సొత్తు మీద మమకారం లేకపోలేదు. దాన్ని ఉంచాలంటే వదులుకోవాలని తెలిసినవాడు. వారసత్వ కట్టడాల మీద హక్కుల కోసం కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

తర్వాతి వింత ఇంకా బాగుంటుంది. గోపురం 1958లో టోక్యో నగరపాలన చేతికొచ్చింది. అది ఉన్న చోటు జూ సరిహద్దులోకి వెళ్ళింది. కాబట్టి టోషోగూ దారిలో నడుస్తుంటే కంచె అవతల గోపురం కనిపిస్తుంది. దగ్గరికి పోవాలంటే మాత్రం జూ టికెట్టు కొనాలి.

1923 మహా భూకంపంలో పక్కనున్న ఉయెనో మహాబుద్ధుడి తల రాలిపోయింది. మిగిలిన లోహం యుద్ధకాలంలో ప్రభుత్వం తీసుకుపోయింది. ఇప్పుడు ముఖం ఒక్కటే గోడకు అమర్చి ఉంది. ఇంక కింద పడే అవకాశం లేని బుద్ధుడు కాబట్టి, పరీక్షలు తప్పకూడదని విద్యార్థులు ఆయనకు మొక్కుతారు. మన ఎంసెట్ పిల్లలకు తెలిస్తే విమానాలు చాలవు. ఆ భూకంపాన్ని టోషోగూ తట్టుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో గుడి వెనకే బాంబు పడి, పేలలేదు.

గుడి ఆవరణలో 1990 నుంచి మూడు దశాబ్దాలు ఒక దీపం వెలిగింది. హిరోషిమాలో అణుబాంబు తర్వాత బాబాయి పుస్తకాల షాపు శిథిలాల్లో మిగిలిన నిప్పును యమమోటో టట్సువో అనే సైనికుడు హోషినో అనే తన ఊరికి తీసుకెళ్ళి ఆరిపోకుండా కాపాడాడు. ఆ నిప్పుకి నాగసాకి నిప్పు కలిపి ఇక్కడ ఉంచారు. 2021లో ఆ జ్యోతిని ఫుకుషిమాకు తరలించారు. పాత పుస్తకాలు చదివి వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ దానికోసం వెతుక్కుంటారు.

మనవాళ్ళు తప్పకుండా అడిగేది చెప్పులెక్కడ విప్పాలని. విప్పక్కర్లేదు. తోరీ దగ్గర ఒకసారి తల వంచి, దారి మధ్యలో కాకుండా పక్కగా నడవాలి, మధ్య భాగం దేవుడిది. నీళ్ళతో చేతులు కడుక్కుని, ద్వారం ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. దేవుడి ముందు చప్పట్లు కొట్టడం భజనలు తెలిసిన మనకు ఎబ్బెట్టేమీ కాదు.

ఇయెయాసు దూరపు దేవుడనిపిస్తే కొండ దిగి షినోబజు చెరువు మధ్యకెళ్ళండి. అక్కడి దీవిలో బెంటెన్ గుడి ఉంది. చుట్టూ నీళ్ళు. ఆవిడ మన సరస్వతే, చైనా మీదుగా బౌద్ధంతో పాటు వెళ్ళింది. బాసరలో అక్షరాభ్యాసం చేసుకున్నవాళ్ళు జపాన్‌లో పరాయివాళ్ళమని బాధపడక్కర్లేదు.

జూకీ మనకూ ఒక బంధం ఉంది. 1943లో, బాంబుదాడుల్లో జంతువులు తప్పించుకుంటాయన్న భయంతో అక్కడి మృగాలను అధికారులు చంపించారు. మూడు ఏనుగులు తిండి లేక పోయాయి. యుద్ధం ముగిశాక ఏనుగు కావాలని టోక్యో పిల్లలు నెహ్రూకి రాశారు. ఆయన 1949లో కూతురి పేరు పెట్టి ఇందిర అనే ఏనుగును పంపాడు. 1983 దాకా అది అక్కడే ఉంది. టోషోగూకి నడిచే దారి ఆ జూ గోడను ఒరుసుకునే పోతుంది.

ఇప్పుడు ఈ గుడిలో పూజలందుకుంటున్నది ఇయెయాసు ఒక్కడే కాదు. ఎనిమిదో షోగన్ యోషిమునే, వాళ్ళతోపాటు ఆఖరివాడు యోషినోబు. రాజ్యం కట్టినవాడూ, దాన్ని అప్పగించి పక్కనే తలదాచుకున్నవాడూ ఒకే గుళ్ళో దేవుళ్ళు. గెలిచినవాళ్ళ ప్రభుత్వం వచ్చి నూటయాభై ఏళ్ళు దాటినా, ఓడిన ఇంటి దేవుళ్ళ బంగారం వెలిసిపోలేదు. వెలిసిపోకుండా ఆ దేశమే చూసుకుంది. నాలుగేళ్ళకు పైగా మరమ్మతులు చేసి 2013 చివర్లో మళ్ళీ తెరిచారు.

వెళ్ళేవాళ్ళకు చివరి సలహా. చాలామంది కరామోన్ ముందు ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. టికెట్టు కొని లోపలికెళ్ళండి. గుడి చుట్టూ చెక్క జాలీ గోడ ఉంటుంది. పై వరసలో కొండల్లో పొలాల్లో ఉండే ప్రాణులు, కింది వరసలో నీళ్ళలో ఉండేవి. చేపలున్నాయి, పురుగులున్నాయి, పక్షులున్నాయి. నిదానంగా ఒక చుట్టు తిరిగి రండి. చలికాలమైతే పక్క తోటలో గడ్డి టోపీల కింద పూసే పియోనీలనూ చూడొచ్చు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.