మూగజీవుల చెలిమి



పశువులకును మనుష్యులకును గల మమకారమును గూర్చి పల్లెటూరి పెద్దలకు చెప్పబూనుట చేపపిల్లకు ఈత నేర్పుట వంటిది. ఆ సంగతి ఎరిగియే యీ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. పాలు, పేడ, దుక్కి, బండి మొదలగు ప్రయోజనములను గూర్చి నేను చెప్పబోవుట లేదు. ఒక జంతువు చెంత నుండుట చేతనే రోగికి ఊరట కలుగునని నేటి వైద్యులు కొందరు చెప్పుచున్నారు. ఆ మాట ఎంతవరకు నిజము? నిజమే యైనచో, ఆ ఊరటకు ప్రతిగా ఆ జంతువునకు మనము చెల్లించుచున్నదేమి? ఈ రెండు ప్రశ్నలను మీ ముందుంచెదను. వీనిలో రెండవదియే నాకు ముఖ్యముగా తోచుచున్నది.

నేను హైదరాబాదు నగరమున మధురానగర్ అను పేటలో కాపురముండువాడను. అచ్చట నుండి కృష్ణానగర్ మీదుగా పడమటికి పోయినచో జూబిలీ హిల్స్, దానికి ఆవల ఫిల్మ్‌నగర్ వచ్చును. తెలుగు చలనచిత్రములు తయారగు చోటు అదియే. మా పేటలోనివన్నియు అంతస్తుల మేడలు. పల్లె విడిచి కొడుకు చెంతకో కూతురు చెంతకో వచ్చి చేరిన వృద్ధులు ప్రతి మేడలోను ఒకరిద్దరు కనబడుదురు. వారికి తిండికి కొదువ లేదు, మందులకు కొదువ లేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకే మెలకువ వచ్చును. లేచి చేయవలసిన పని మాత్రము లేదు. ఊరిలో నైనచో ఆ వేళకు కొట్టములో దీపము పెట్టి, పేడ తీసి, కుడితి కలిపి, నాలుగు పరకలు గడ్డి విదిల్చి వేయవలసియుండును. ఇచ్చట గోడ గడియారము వంక చూచుచు, కోడలు లేచువరకు చప్పుడు చేయక కూర్చుండవలెను. ఈ ఊరక కూర్చుండుటయే సగము జబ్బు.

మా మేడలోనే అట్టి పెద్దాయన ఒకరు గలరు. డెబ్బది యేండ్లు దాటినవి. పల్నాటి ప్రాంతపు రైతు. ఇల్లాలు గతించిన పిమ్మట పొలము కౌలునకిచ్చి, ఎద్దుల జతను సంతలో అమ్మి, కొడుకు నొద్దకు వచ్చిరి. నేను వారిని బాబాయిగారని పిలిచెదను. వచ్చిన తొలి యేడు వారు ఎవరితోను పెదవి విప్పి మాటాడి యెరుగరు. వైద్యుడు చూచి రక్తపుపోటునకు మాత్రలిచ్చెను. నిదురకు వేరొక మాత్ర యిచ్చెను. ఒకనాడు మెట్లమీద కూర్చుండి నాతో నిట్లనిరి: “పొలమును గూర్చి నాకు చింత లేదు నాయనా, అది ఎచ్చటికిని పోదు. సంతలో పలుపు చేతులు మారినప్పుడు దాపటి యెద్దు మెడ త్రిప్పి నావంక చూచినది. పదునొకండేండ్లు నా చేతి మేత తిన్నది. ఆ చూపు కన్ను మూసిన చాలు, కనబడుచున్నది.” నేనేమియు చెప్పలేకపోతిని. చెప్పుటకు ఏమున్నది?

ఆ వానకాలమున, మేడ క్రింద బండ్లు నిలుపు చోట ఒక వీధికుక్క నాలుగు పిల్లలను పెట్టెను. బాబాయిగారు మొదట ఒక పాత గోనెసంచి పరచిరి. మరునాడు పెరుగన్నము తీసికొనిపోయిరి. నెల తిరుగునప్పటికి దినమునకు నాలుగు మారులు మెట్లు దిగి యెక్కుచుండిరి. పిల్లలకు పేర్లు పెట్టిరి. ఆ పేర్లు పెట్టి పిలుచుచు, ఇరుగుపొరుగు పిల్లలతో గూడ మాటాడసాగిరి. వారి రక్తపుపోటు మాయమైనదని నేను చెప్పను. ఆ మాత్రలు నేటికిని వేసికొనుచునే యున్నారు. నిదుర మాత్ర మాత్రము మానిరి. అంతవరకు నేను కన్నులార చూచితిని.

కథ అంతటితో ముగిసినచో బాగుండెడిది, కాని ముగియలేదు. పసిపిల్లలు గల తల్లులు కుక్కలను దూరముగా తీసికొనిపోయి విడిచిపెట్టవలెనని పట్టుపట్టిరి. మేడవారి సమావేశములో పెద్ద రభస జరిగెను. తల్లుల భయము వట్టిది కాదు. పిచ్చికుక్క కాటు వలని జబ్బు పైకి తేలిన పిదప ఇంచుమించు ఎవ్వరును బ్రదుకరు. మన దేశమున ఏటేట ఎందరో ఆ జబ్బుతో మరణించుచున్నారు. బాబాయిగారు వాదులాడలేదు. తన చేతి సొమ్ముతో తల్లికుక్కకు టీకా వేయించి, మరల ఈనకుండ శస్త్రచికిత్స చేయించి, ఆ కాగితములు తెచ్చి కావలివాని చేతికిచ్చిరి. ఇట్లు టీకా వేసి, శస్త్రచికిత్స చేసి, వీధికుక్కను పట్టుకొన్న చోటనే విడువవలెనని 2001లో మొదట ఏర్పడి 2023లో మరల వ్రాయబడిన కేంద్ర ప్రభుత్వపు నియమములు చెప్పుచున్నవి. మేతపెట్టు చోటు వెనుక గోడ చెంతకు, పిల్లలు ఆడుకొను స్థలమునకు దూరముగా మార్చిరి. రెండు పిల్లలను మేడవారే పెంచుకొనుటకు తీసికొనిరి. ఒకటి జబ్బుచేసి పోయెను. ఆ దినమున వారు భోజనము చేయలేదు. అయినను మరునాటి యుదయమున మెట్లు దిగిరి, తక్కినవి ఆకలిగొని యుండును గనుక.

ఇక మొదటి ప్రశ్నకు వచ్చెదను. జంతువుల తోడు రోగులకు మేలు చేయునను ఊహ నేటిది కాదు. ఇంగ్లాండు దేశమున యార్కు పట్టణమున విలియం ట్యూకు అనునతడు 1796లో మతి చలించినవారికొక ఆశ్రమము తెరచెను. ఆ కాలమున అట్టివారిని గొలుసులతో కట్టుట వాడుక. అతడు అట్లు చేయక ఆశ్రమపు ముంగిళ్లలో కుందేళ్లను, కోళ్లను పెంచి, రోగులను వానితో మెలగనిచ్చెను. రోగులకు ఉపచారము చేయు విద్యకు దారి చూపిన ఫ్లారెన్సు నైటింగేలు గూడ, చిరకాలము మంచము పట్టినవారికి చిన్న పెంపుడు జంతువు మంచి తోడని వ్రాసెను. అమెరికాలో బోరిసు లెవిన్‌సన్ అను మనశ్శాస్త్రజ్ఞుని కథ మరియొక విధము. మాటాడని బాలుడొకడు ఆయన కుక్కతో చనువు చేసికొని, ఆ చనువు వలన ఆయనతోను మాట కలిపెను. 1962లో ఆయన తన కుక్కను సహవైద్యునిగా పేర్కొని ఒక వ్యాసము ప్రకటించెను. తోడి విద్వాంసులలో కొందరు నవ్విరట. ఆ దారినే నేడు అనేక దేశములలో ఆసుపత్రులు నడచుచున్నవి.

లెక్కలు గూడ కలవు. అమెరికాలో గుండెపోటు మొదలగు హృద్రోగములతో ఆసుపత్రిలో చేరి ఇంటికి వెడలిన 92 మందిని ఒక యేడు కనిపెట్టి చూచి, 1980లో ఫలితము ప్రకటించిరి. ఇంట పెంపుడు జంతువు గల 53 మందిలో ముగ్గురు చనిపోయిరి. లేని 39 మందిలో పదునొకరు చనిపోయిరి. ఇది విని వెంటనే ఒక కుక్కను కొనితెచ్చుకొనుడని నేను చెప్పను. జంతువును పెంచగల ఓపిక గలవారు మొదటి నుండియు కొంత గట్టివారై యుండవచ్చును. 92 మంది పెద్ద లెక్కయు కాదు. తరువాత జరిగిన పరిశోధనలన్నియు ఒక్క మాట చెప్పుటయు లేదు. జపాను శాస్త్రజ్ఞులు 2015లో ప్రకటించిన సంగతి నాకు ఇంతకంటె నచ్చినది. యజమానియు కుక్కయు ఒకరి కన్నులలోనికొకరు కొంతసేపు చూచుకొన్నప్పుడు ఇరువురి శరీరములలోను ఆక్సిటోసిన్ అను రసము హెచ్చుచున్నదట. తల్లి బిడ్డకు పాలిచ్చునప్పుడు ఊరునది ఈ రసమే. మనుష్యులు పెంచిన తోడేళ్లలో ఇది కనబడలేదట. వేల సంవత్సరములు మన గడపలో పడియుండుట చేత కుక్కకు అబ్బిన గుణమిది కావచ్చును.

ఆవు విషయమున మీకు తెలిసినదే శాస్త్రజ్ఞులు ఆలస్యముగా తెలిసికొనిరి. ఆవు మెడ క్రింద, గంగడోలు చెంత దువ్వినచో అది మెడ సాచి, చెవులు వ్రేలవేసి, కన్ను అరమోడ్చునని ఆస్ట్రియా దేశపు పరిశోధకులు 2008లో పరీక్షించి చెప్పిరి. మన యిండ్ల ఆరేండ్ల పిల్ల గూడ దీనిని చెప్పగలదు. ఆ మరుసటి యేడు ఇంగ్లాండున న్యూకాసిల్ విశ్వవిద్యాలయమువారు 516 మంది పాడిరైతులను విచారించి, ఆవులను పేరు పెట్టి పిలుచువారి యిండ్ల ఒక్కొక్క ఈతకు సుమారు 258 లీటర్ల పాలు ఎక్కువ వచ్చుచున్నవని తేల్చిరి. పేరులో మహిమ యున్నదని కాదు. పేరు పెట్టినవాడు దానిని విడిగా గుర్తించును. అది మేత ముట్టని పూట ఆ సంగతి మొదట వానికే తెలియును.

ఇచ్చటనే రెండవ ప్రశ్న పుట్టుచున్నది. మనలను ఓదార్చిన జీవికి జబ్బు చేసినప్పుడు ఓదార్చువారెవ్వరు? మా పొరుగున నున్న ఫిల్మ్‌నగర్ సంగతి చూడుడు. జంతువులను చూపి ప్రజలను మెప్పించిన చిత్రములు తెలుగులో పెక్కు వచ్చినవి. 1977లో అడవిరాముడు, 1993లో రాజేంద్రుడు–గజేంద్రుడు వచ్చినప్పుడు ఏనుగులను చూచుటకే పిల్లలు తండోపతండములుగా పోయిరి. తెరమీద ఏనుగు నమస్కరించినప్పుడు మనము చప్పట్లు చరచితిమి; దాని మేతను, నీడను గూర్చి మనలో అడిగినవారెందరు? ప్రదర్శనలలో వాడు జంతువులను ముందుగా నమోదు చేయించవలెనని 2001లో నియమములు వచ్చినవి. చిత్రము మొదట మీరు చదువు, జంతువులకు హాని జరుగలేదను ప్రకటన వెనుక ఇట్టి నియమములున్నవి.

ఆ చిత్రసీమకు చెందినవారే యీ లోటును కొంత తీర్చిరి. నటి అక్కినేని అమలగారు 1992లో హైదరాబాదు బ్లూ క్రాస్ అను సంస్థను నెలకొల్పిరి. బండ్ల క్రింద పడి కాళ్లు విరిగిన కుక్కలకు, గాయపడిన పశుపక్ష్యాదులకు అచ్చట చికిత్స జరుగుచున్నది. అమలగారు నాట్యము నేర్చినది మద్రాసు కళాక్షేత్రమున. దానిని 1936లో స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ గారే రాజ్యసభలో జంతుహింసకు విరుద్ధముగా బిల్లు తెచ్చి, 1960 నాటి చట్టమునకు దారి తీసిరి. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. నాట్యపు పాఠముతో గూడ ఈ పాఠము గూడ చేతులు మారినదా యని నాకు తోచుచుండును. అది నా యూహ మాత్రమే.

చట్టములు నిన్న మొన్నటివి గాని, ధర్మము మన నేలమీద రాతిలో చెక్కియున్నది. కర్నూలు జిల్లాలో గుత్తి నుండి పత్తికొండకు పోవు త్రోవలో ఎఱ్ఱగుడి కలదు. అచ్చటి బండలమీద క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దినాటి అశోకుని శాసనములున్నవి. వానిలో రెండవ శిలాశాసనము, మనుష్యులకు చికిత్సయు పశువులకు చికిత్సయు ఏర్పరచితినని రెంటిని ఒక్క వరుసలో చెప్పుచున్నది. మందుమొక్కలు లేని చోట తెప్పించి నాటించెనట. దారుల వెంట బావులు త్రవ్వించెనట, మనుష్యులకును పశువులకును. అటువైపు పోవువారు తప్పక చూడదగిన స్థలమది.

మీ చేతిలోనున్న పనులు కొన్ని కలవు. పశువు మేత మానినప్పుడు నాటుమందుతో నాలుగు దినములు గడపక, 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో పశువైద్యుని బండి ఊరికి వచ్చు ఏర్పాటు తెలంగాణమున 2017లోను, ఆంధ్రమున 2022లోను ఆరంభమయ్యెను. గాలికుంటు టీకా 2019 నుండి జాతీయ పథకము క్రింద ఉచితముగా వేయుచున్నారు. టీకావారు వచ్చిన దినమున పశువును పొలమునకు తోలివేయకుడు. కుక్క కరచినచో గాయమును సబ్బుతోను ధారగా పారు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. సున్నము, పసుపు, కారము అద్దవద్దు.

మీలో కొందరు నేడో రేపో పట్టణమునకు తరలవలసినవారై యుందురు. పిల్లలు బలవంతపెట్టుదురు, ఒంటరిగా నుండుటయు మంచిది కాదు. పోవుటకు ముందు పశువును సంతకు తోలక, ఊరిలో పశువును ఆదరించెడి యొక కుటుంబమును వెదకుడు. పాలలో భాగమో, పుట్టిన దూడలో భాగమో వారికే విడిచి ఆవును అప్పగించుట మన ప్రాంతములలో పూర్వము నుండియు ఉన్న పద్ధతియే. ముసలి యెద్దుకు పాలు లేవు, దూడ లేదు. దానిని ఊరక ఎవ్వరును మేపరు. దానికై యేటికి ఇంతయని గడ్డి ఖర్చు కౌలు డబ్బులో నుండి తీసియుంచి, ఆ మాట కౌలుదారుతో ముందుగనే అనుకొనుడు. పండుగకు ఊరు పోయినప్పుడు చూచుకొనుటకు అది కొట్టములో నుండును. బాబాయిగారికి యీ యుపాయము చెప్పువారు ఆనాడు ఎవ్వరును లేకపోయిరి.