ఒక తల్లి బిడ్డలు - వేరు వేరు తీరులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పాపన్నపేట గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, పుస్తకములను గూర్చి గాక, వానిని పట్టవలసిన చిన్నచేతులను గూర్చి నాలుగు మాటలు విన్నవింతును.

ఒకే తల్లికి పుట్టిన పిల్లలలో ఒకడు చెప్పిన పాఠమును చెప్పినట్లు అప్పగించును. మరియొకడు గడియసేపు కుదురుగా కూర్చుండడు. ఒక బిడ్డ క్రొత్తవారిని చూచి తలుపుచాటునకు పోవును. ఇంకొక బిడ్డ వారితో కబుర్లు చెప్పును. మనము తొందరపడి ఒకనికి బుద్ధిమంతుడనియు, మరియొకనికి మొద్దు అనియు పేరు పెట్టుదుము. ఆ పేరు పసిమనస్సున నాటుకొనిన, చదువుపై ఆశయే చచ్చిపోవును.

గ్రంథాలయోద్యమ చరిత్రలోని అక్కాతమ్ములనే చూడుడు. భండారు అచ్చమాంబగారు 1874లోను, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు 1877లోను జన్మించిరి. తమ్ముడు బడులలో చదివి ఎం.ఏ. పట్టము పొందిరి. అక్కకు బాల్యముననే వివాహమయ్యెను. బడి చదువు లేదు. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి ఆమె తెలుగు, హిందీ నేర్చుకొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు పాటుపడినవారిలో తమ్ముడొకరు. అక్క ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించిరి. వీరి భేదము తెలివిలో లేదు. దొరికిన అవకాశములో ఉన్నది. కావున కూతురు చదువులో వెనుకబడినదనుటకు ముందు, కొడుకు పుస్తకము పట్టిన వేళ ఆమె చేతికి బిందె నిచ్చితిమా యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను.

ఇక పుట్టుకతో వచ్చు భేదములును కలవు. న్యూయార్కులో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అను వైద్యదంపతులు 1956 నుండి పిల్లలను శైశవము మొదలుకొని ఏండ్ల తరబడి పరిశీలించిరి. శిశువుల స్వభావములు తొలినాళ్లనుండియే వేరుగా నుండుననియు, పెద్దల తీరు బిడ్డ స్వభావమునకు పొసగుటయే ముఖ్యమనియు వారు చెప్పిరి.

అట్లని ‘వీడు కంటితోనే నేర్చును, వాడు చెవితోనే నేర్చును’ అని విభజింపరాదు. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయమున జరిగిన పరిశోధనలను సమీక్షించి, అట్టి విభజనతో బోధించుటకు చాలిన ఆధారము లేదని తేల్చిరి. అందరికిని అక్షరమును చూపుడు, పలికింపుడు, ఇసుకలో దిద్దింపుడు. కుదురులేని బిడ్డకు చింతగింజలతో లెక్క నేర్పుడు. బిడియపడు బిడ్డను నలుగురిలో నిలబెట్టక, రాత్రి ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివించుడు. ఎంత చెప్పినను అక్షరము పట్టుబడనిచో, సోమరి యనక, చూపును వినికిడిని వైద్యునిచే పరీక్ష చేయించుడు. దినమునకు కొంతసేపైనను ఒక్కొక్కరికి వేరుగా కేటాయింపుడు. ‘అన్నను చూచి నేర్చుకో’ అను మాట మాత్రము మానుడు. దానివలన తమ్మునికి అన్నపైనను, చదువుపైనను ద్వేషము పుట్టును.

మీరందరు వ్యవసాయదారులు. వరిమడిలో నీరు నిలుపుదురు, జొన్నచేనిలో నిలువనీయరు. దానిని పక్షపాతమందుమా? పైరు నెరిగిన సేద్యమందుము. బిడ్డల విషయమునను ప్రేమ ఒక్కటే, పెంపకపు తీరు వేరు.

ఈ గ్రంథాలయమున కథలు కలవు, బొమ్మలు కలవు, శాస్త్రములు కలవు. ఇద్దరు బిడ్డలను తోడ్కొని రండు. ఎవరికి నచ్చిన పుస్తకము వారిని తీసికొననిండు.