గిటార్ హోరులో సువార్త

హెవీ మెటల్ అంటే సైతాను సంగీతమేనన్న మాట 1980లలో అమెరికాలో గట్టిగా వినిపించేది. కాలిఫోర్నియాకు చెందిన స్ట్రైపర్ అనే క్రైస్తవ మెటల్ బృందం 1986లో ‘టు హెల్ విత్ ద డెవిల్’ ఆల్బంతో దానికి ఎదురు నిలిచింది. దీన్ని విడుదల చేసింది చర్చి సంస్థ కాదు, ఎనిగ్మా అనే మామూలు రికార్డు కంపెనీ. నా దృష్టిలో కీలకం అదే. క్రైస్తవ దుకాణాలకే పరిమితమై ఉంటే ఈ పాటలు విశ్వాసుల ఇళ్లు దాటేవి కావు. కానీ అవి ఎమ్‌టీవీలో పదే పదే వినిపించాయి, ‘ఆనెస్ట్‌లీ’ పాట బిల్‌బోర్డ్ పాటల పట్టికలో 23వ స్థానానికి చేరింది, ఆల్బంకు ప్లాటినం గుర్తింపూ దక్కింది. మొదటి అట్ట మీద దేవదూతలు సైతానును అగాధంలోకి తోస్తున్న బొమ్మ ఉండేది. దానిపై వివాదం రేగడంతో తర్వాత నల్లటి అట్ట వేశారు. సైతానును ఓడించే బొమ్మకే ఇంత గొడవ!

పసుపు, నలుపు చారల బిగుతు దుస్తులు, పొడవాటి జుట్టు, ప్రేక్షకుల మీదికి విసిరే కొత్త నిబంధన ప్రతులు, ఇదంతా వ్యాపారపు ఎత్తేనని కొందరన్నారు. జిమ్మీ స్వాగర్ట్ వంటి బోధకులైతే రాక్ సంగీతాన్నే తప్పుపట్టారు. ఆర్భాటం ఉన్నమాట నిజమే. కానీ అమ్ముకోవడమే లక్ష్యమైతే మెటల్ అభిమానులు వెక్కిరించే బైబిల్‌ను ఎవరు నెత్తికెత్తుకుంటారు? బాణీ పాపమనే వాదనా నిలవదు. మన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలోనే చర్చి బయట పుట్టిన కర్ణాటక రాగాల్లో క్రీస్తు కీర్తనలు కట్టారు. తెలుగు చర్చిల్లో అవి నేటికీ పాడుతున్నారు.